అద్దె స్టాంపు నుంచి సొంత లైసెన్సు దాకా

కొత్త ఇంటికి కరెంటు సర్వీసు కావాలంటే దరఖాస్తుతో పాటు వైరింగ్ టెస్ట్ రిపోర్ట్ ఒకటి ఇవ్వాలి. ఎన్ని లైట్లు, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ప్లగ్గులు, ఇన్సులేషన్ ఎన్ని మెగోములు, ఎర్తు ఎన్ని ఓములు, ఇవన్నీ నింపాక అడుగున కాంట్రాక్టరు సంతకం, లైసెన్సు నంబరు ఉండాలి. పన్నెండేళ్ళు నేను నరసరావుపేట చుట్టుపక్కల ఇళ్ళకు వైరింగ్ చేశాను. వాటిలో ఒక్క రిపోర్టు మీద కూడా ఆ అడుగున నా పేరు లేదు.

పని నాది, స్టాంపు ఇంకొకరిది. లైసెన్సున్న ఒక పెద్దాయన ముందే స్టాంపు వేసి, సంతకం పెట్టిన ఫారాలు నాకు పది పదిగా ఇచ్చేవాడు. ఫారానికి 500 రూపాయలు. స్క్రూడ్రైవర్లు, టేపులతో పాటు అవీ నా సంచిలోనే ఉండేవి. ఇంటి పని అయిపోగానే గట్టు మీద కూర్చుని నింపేసేవాణ్ణి. ఇన్సులేషన్ గడిలో 5 మెగోములు అని రాసేవాణ్ణి. దాన్ని కొలిచే మీటరు, మెగ్గర్, నా దగ్గర లేదు. ఎప్పుడూ పట్టుకున్నవాణ్ణి కూడా కాదు, ఐటీఐలో ఒకసారి తప్ప. మా ప్రాంతంలో ఇళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు పన్నెండేళ్ళు 5 మెగోములే చూపించాయి మరి.

ఇందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు. మా ఫీల్డులో చాలామంది చేసే పనే కదా అనుకునేవాణ్ణి.

2021 వానాకాలంలో నేను వైరింగ్ చేసిన ఒక ఇంట్లో వాషింగ్ మెషీన్ బాడీకి షాక్ వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ తడి చేత్తో ముట్టుకుని వెనక్కి పడిపోయింది. మణికట్టు విరిగింది. అంతటితో ఆగింది కాబట్టి ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను. వెళ్ళి బోర్డు విప్పి చూస్తే పదహారు ఆంపియర్ల సాకెట్ వెనక ఆకుపచ్చ ఎర్తు వైరు ఉంది, కానీ పిన్నుకి బిగించలేదు. ఊరికే మడిచి లోపలికి తోసేసి ఉంది. ఆ బోర్డు బిగించింది నా హెల్పరు. కానీ వాడు చేసినదాన్ని చూడాల్సింది నేను. నేను చూసిందల్లా లైటు వెలుగుతుందా, ప్లగ్గులో టెస్టర్ మెరుస్తుందా అన్నదే. ఎర్తు లేకపోయినా ఆ రెండూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

ఇంటాయన రిపోర్టు కాపీ తీసి, స్టాంపు మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం పెద్దాయన నాకు చేశాడు. తిడతాడేమో అనుకుంటే, ఆయన అడిగిన మొదటి మాట ఇది: "ఏమయ్యా, ఆ ఇల్లెక్కడుంది?"

తన సంతకం ఉన్న ఇల్లు ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఇల్లు తెలిసిన నా పేరు ఏ కాగితం మీదా లేదు. ఆస్పత్రి ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను, కేసూ గీసూ లేకుండా సర్దుకుంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంచిలో ఇంకా నాలుగు ఫారాలు మిగిలున్నాయి. పొద్దున్నే తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చేశాను. డబ్బు తిరిగి అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.

లైసెన్సు తీసుకుందామనుకున్నాక మొదట తెలిసింది, నేనిన్నాళ్ళూ ఒక ఆఫీసుని ఇంకో ఆఫీసు అనుకుంటున్నానని. కరెంటు అమ్మే డిస్కం వేరు, భద్రత చూసే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ల విభాగం వేరు. లైసెన్సులివ్వడం డిస్కం లైన్‌మన్‌కో ఏఈకో (అసిస్టెంట్ ఇంజనీరుకో) సంబంధం లేని వ్యవహారం. రాష్ట్రానికి ఒక ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఉంటుంది, కాంట్రాక్టర్ల లైసెన్సులు, సూపర్‌వైజర్ల సర్టిఫికెట్లు, వైర్‌మన్ పర్మిట్లు దాని చేతిలో ఉంటాయి. నేను రెండు రోజులు కరెంటాఫీసు మెట్లు ఎక్కి దిగాక ఒక క్లర్కు జాలిపడి చెప్పాడు, "ఇక్కడ కాదు బాబూ" అని.

అసలు నియమం ఏమిటంటే, ఒకరి ఇంట్లోనో షాపులోనో వైరింగ్ పని చేయాలంటే మూడు రకాల మనుషులు కావాలి. లైసెన్సున్న కాంట్రాక్టరు పని ఒప్పుకోవాలి. కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత్తో చేయాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి ఉన్నవి ఉన్నట్టు మార్చడానికి మాత్రం ఇదంతా అక్కర్లేదు. పాత కాంట్రాక్టర్లు దీన్ని ఇప్పటికీ 'రూల్ 45' అనే అంటారు, 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో అది 45వది కాబట్టి. తరవాత 2003 చట్టం వచ్చింది, దాని కింద 2010లో కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు వచ్చాయి. నా ఫైలు నడుస్తుండగానే 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. పేర్లు, నంబర్లు మారాయి గాని ఆ ముగ్గురూ పోలేదు.

ఆ ముగ్గురిలో నేనెవరిని? ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి కనీసం వైర్‌మన్‌నైనా అవుతాననుకున్నాను. కాను. అది చదువు సర్టిఫికెట్ మాత్రమే. దాన్ని చూపించి పర్మిట్ విడిగా తీసుకోవాలి. అంటే పన్నెండేళ్ళు 'కాంట్రాక్టర్ గారూ' అని పిలిపించుకున్నవాణ్ణి కాగితాల లెక్కలో హెల్పర్ని కూడా కాదు. ఇది విని మా ఆవిడ రెండు రోజులు నవ్వింది.

పర్మిట్ పెద్ద కష్టం కాలేదు. పదో తరగతి సర్టిఫికెట్, ఐటీఐది, ఆధార్, ఫొటోలు, చలానా. పదో తరగతిలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, దానికో అఫిడవిట్ పెట్టాను. ఇక్కడే ఒక సలహా. ఏ కాగితమైనా పెట్టేముందు అన్నిట్లో పేరు ఒకేలా ఉందా అని చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట పొడి అక్షరంగా ఉంటాయి. ఆన్‌లైన్ ఫారానికి అవి ముగ్గురు వేరు వేరు మనుషుల్లా కనిపిస్తాయి.

అసలు చిక్కు సూపర్‌వైజరు దగ్గర వచ్చింది. సూపర్‌వైజరు, వైర్‌మన్ ఒక కాంట్రాక్టరు దగ్గరే ఉండాలి, ఒకే సర్టిఫికెట్‌ని రెండు చోట్ల చూపించకూడదు. నేను విచారిస్తున్నానని తెలిసి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన దగ్గర ఇద్దరు డిప్లొమా కుర్రాళ్ళ సర్టిఫికెట్లు ఉన్నాయట. "ఏడాదికి ఇంత ఇచ్చేయ్, ఒరిజినల్ నీ ఫైల్లో పెట్టుకో. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడు, ఎటూ ఇటు రాడు" అన్నాడు. చౌకే. ఒక మనిషికిచ్చే రెండు నెలల జీతం కూడా కాదు. ఒప్పుకుంటే మూడు వారాల్లో నా ఫైలు వెళ్ళిపోయేది. కానీ హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు నా సైట్లో సాకెట్ వెనక ఆకుపచ్చ వైరు ఎలా చూస్తాడు? రేపు ఏదైనా అయితే ఆ అబ్బాయి కూడా నాకు ఫోన్ చేసి "అన్నా, ఆ ఇల్లెక్కడుంది?" అనే అడుగుతాడు.

మా బావమరిదికి ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ కూడా తీసుకుని ఉన్నాడు. కానీ గుంటూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాడు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. వాణ్ణి ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. లైసెన్సు మొత్తం మీద ఎక్కువ కాలం పట్టిన పని అదే. మా అత్తగారు పండక్కి వెళ్ళినప్పుడల్లా, "అల్లుడుగారూ, మీ పనికి సీజనుంటుంది, వాడి జీతానికి సీజను లేదు" అనేవారు. ఆవిడ మాట తప్పని నేను అనలేను. చివరికి జీతం కాస్త తక్కువ, పని మీద వాటా కొంత అని కాగితం మీద రాసుకున్నాం. బావాబావమరుదులైనా రాసుకోవడమే మంచిది. ఫైల్లోకి కూడా ఆ ఒప్పందం పనికొచ్చింది.

ఆ తరవాత పరికరాలు. లైసెన్సుల్లో గ్రేడులున్నాయి. గ్రేడు పెరిగే కొద్దీ చేయగల పని పెరుగుతుంది, మనుషులూ పరికరాలూ కూడా ఎక్కువ చూపించాలి. నాది ఇళ్ళు, చిన్న షాపులు, రైసు మిల్లు మోటార్లు, అంతవరకే. అయినా 500 వోల్టుల మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్, రబ్బరు గ్లవ్స్ ఇవన్నీ కొన్నాను. కొని ఊరుకుంటే సరిపోదు, వాటికి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అంటే ల్యాబులో ఇచ్చి, నీ మీటరు చెప్పే అంకె నిజమేనని రాయించుకోవాలి. పన్నెండేళ్ళు అబద్ధపు అంకె రాసినవాడికి ఇది న్యాయమైన శిక్షే.

నేను మిగుల్చుకుందామని మెగ్గర్ సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. సీరియల్ నంబరు చివర అంకె అరిగిపోయి 3లాగా ఉంది. అది 8. సర్టిఫికెట్లో 3 పడింది. ఫైలు వెనక్కొచ్చింది. మళ్ళీ ల్యాబు, మళ్ళీ ఫీజు, నెల రోజులు. మిగుల్చుకున్నదంతా అక్కడే పోయింది.

చలానా విషయంలోనూ నాదే తప్పు. 0043 అనే పద్దు కింద, విద్యుత్ రూల్స్ ఫీజుల ఖాతాకి కట్టాలి. నేను రాత్రి పదకొండింటికి ఫోనులో కడుతూ కింద వరసలో ఇంకో ఖాతా నొక్కాను. డబ్బు ప్రభుత్వానికే పోయింది, నా ఫైలుకి మాత్రం రాలేదు. తిరిగి రాబట్టుకునే ఓపిక లేక రెండోసారి కట్టాను.

ఇంకో తిప్పలు మాత్రం నా తప్పు కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. మేము గుంటూరు జిల్లా వాళ్ళం కాస్తా పల్నాడు జిల్లా వాళ్ళం అయ్యాం, నరసరావుపేటే జిల్లా కేంద్రం. సంతోషమే. కానీ నా ఆధార్‌లో గుంటూరు జిల్లా, షాపు అద్దె ఒప్పందంలో పల్నాడు జిల్లా. ఇల్లు కదల్లేదు, షాపు కదల్లేదు, జిల్లా కదిలింది. ఆధార్‌లో అడ్రసు మార్పించుకుని మళ్ళీ కాపీలు పెట్టాను.

ఇవన్నీ అయ్యాక ఇన్‌స్పెక్షన్. ఒక అధికారి వచ్చి ఆఫీసు, పరికరాలు, మనుషులు నిజంగా ఉన్నారో లేదో చూసి రిపోర్టు పంపుతారు. షట్టర్ గదికి సున్నం వేయించి, బోర్డు రాయించి, పరికరాలు బల్ల మీద వరసగా పెట్టాను. టెన్షన్‌తో పొద్దున్నుంచి కాఫీ తప్ప ఏమీ దిగలేదు. ఆయన వచ్చారు, యాభై దాటిన మనిషి, చేతిలో ఒక చిన్న డైరీ. పరికరాల నంబర్లు సర్టిఫికెట్లతో ఒకటొకటిగా సరిచూశారు. మా బావమరిదిని అడిగారు, "త్రీ ఫేజ్ మోటారు బాడీకి ఎన్ని ఎర్తులు?" వాడు తడుముకోకుండా, "రెండు సార్, విడివిడిగా" అన్నాడు. నేను లోపల లెక్కేసుకున్నాను, నేను బిగించిన మిల్లు మోటార్లలో ఎన్నింటికి ఒకటే ఎర్తు ఉందో.

తరవాత ఆయన నా వైపు తిరిగి, "ఈ గదే మెగ్గర్ చేసి చూపించండి" అన్నారు.

మెయిన్ ఆపాను. బల్బులు తీశాను, ప్లగ్గుల్లో ఉన్నవన్నీ లాగేశాను, స్విచ్చిలన్నీ ఆన్‌లో పెట్టాను. ఫేజు, న్యూట్రల్ కలిపి ఒక లీడు, ఎర్తుకి ఇంకో లీడు. 500 వోల్టులు, ఒక్క నిమిషం. ఎంత తక్కువన్నా 1 మెగోము రావాలి. ముల్లు మెల్లగా లేచి 0.4 దగ్గర ఆగింది.

నా సొంత ఆఫీసు. నేను వైరింగ్ చేసిన గది.

ఆయన ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను కంగారుగా ఎంసీబీలు ఒక్కొక్కటి ఆపుతూ చూస్తున్నాను, ముల్లు పెద్దగా కదలడం లేదు. మా బావమరిది పక్కకి వచ్చి నెమ్మదిగా, "ఎంసీబీ ఆపితే ఫేజే తెగుద్ది బావా. న్యూట్రళ్ళు కూడా బార్ నుంచి విప్పు" అన్నాడు. ఒక్కో న్యూట్రల్ విప్పుతూ వచ్చాం. మూడోది విప్పగానే ముల్లు ఒక్కసారిగా 20 దాటేసింది. ఆ సర్క్యూట్ మీద ఉన్నది షట్టర్ బయట లైటు. ఎక్కి చూస్తే హోల్డర్‌లో రాత్రి పడ్డ వాన నీళ్ళు, తుప్పు. గొడుగు లేని హోల్డరు, దాన్ని పట్టుకుంది ఇనప బ్రాకెట్టు, బ్రాకెట్టు షట్టర్ ఫ్రేముకి. రోజూ ఆ షట్టర్ ఎత్తేది నేనే.

దాన్ని తీసేసి, మళ్ళీ అన్నీ కలిపి చూపించాం. మొత్తం ముప్పావుగంట పట్టింది. ఆయన డైరీలో ఏదో రాసుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ఇది కస్టమర్ ఇల్లయితే రిపోర్టులో ఏం రాసేవారు?" అని అడిగారు. నేను నేల చూశాను. ఆయన నవ్వారు. ఈ ప్రశ్నకి జవాబు ఆయన చాలామంది ముఖాల్లో చూసే ఉంటారు.

ఫైలు తిరిగొస్తుందనే అనుకున్నాం. తిరిగి రాలేదు. ఆ తరవాత రెండు నెలల పైచిలుకుకి లైసెన్సు వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకి పెట్టమని మా ఆవిడ అంది. ఏ గోడకి మేకు కొట్టాలో, లోపల పైపు ఎక్కడెక్కడ వెళ్ళిందో నాకు తెలుసు కాబట్టి నేనే కొట్టాను.

నా పేరుతో మొదటి టెస్ట్ రిపోర్ట్ ఒక రిటైర్డ్ టీచర్‌గారి ఇంటిది. వైరింగ్ బాగానే వచ్చింది, మెగ్గర్ రీడింగ్ కూడా. ఎర్తు దగ్గర ఆగాను. మా కంటే ముందు పనిచేసినవాళ్ళు రెండడుగుల ఇనప కడ్డీ ఒకటి మట్టిలో దిగ్గొట్టి వైరు చుట్టి వెళ్ళారు. పైపు ఎర్తంటే రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయాలి, ఎండాకాలం నీళ్ళు పోయడానికి పైన గరాటు ఉండాలి. ఆ చోట టీచర్‌గారి మల్లెచెట్టు ఉంది. "ఇంతకుముందు ఇంటికి ఇవన్నీ ఎవరూ అడగలేదే బాబూ" అన్నారు ఆవిడ. నిజమే, అడగలేదు. ఆ ఇంతకుముందు ఇంటి వైరింగ్ నేనే చేశాను. ఆ మాట చెప్పాక ఆవిడే మనిషిని పిలిచి చెట్టు పక్కకి జరిపించారు. ఎంసీబీలుండే డబ్బాలో (డీబీ) 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, కూడా వేయించాను. దానికి మాత్రం గట్టిగానే బేరం ఆడారు.

గొయ్యి తవ్వడం, పైపు దింపడం, రెండు రోజులు నీళ్ళు పోసి ఎర్త్ టెస్టర్‌తో కొలవడం అయ్యాక ఫారం తీశాను. ఇన్సులేషన్ గడిలో మీటరు చూపించిందే రాశాను, 38 మెగోములు. ఎర్తు 2.6 ఓములు. దశాంశ బిందువు పెట్టి రాయడం ఆ గడిలో అదే మొదటిసారి. సంతకం పెట్టేముందు సాకెట్లన్నీ మళ్ళీ ఒకసారి విప్పి చూశాను. అన్ని ఆకుపచ్చ వైర్లూ బిగించే ఉన్నాయి. హెల్పరు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

ఈ మధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, మా ఐటీఐ జూనియరే. "అన్నా, మీకు లైసెన్సు వచ్చిందటగా. నాకు నెలకి నాలుగైదు ఇళ్ళుంటాయి, ఫారాలు స్టాంపు వేసి ఇస్తే ఒక్కోదానికి వెయ్యి ఇస్తాను" అన్నాడు. రేటు పెరిగింది.

"ఇల్లెక్కడుంది?" అని అడిగాను. సత్తెనపల్లి రోడ్డులో అన్నాడు. సాయంత్రం తాళం తీసి ఉంచమను, మెగ్గర్ పట్టుకుని నేనూ మా బావమరిదీ వస్తాం అన్నాను. ఓనర్ని కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.